చిన్న వేషాల పెద్దాయన: జేమ్స్ హాంగ్

ఉండే ఊరి భాష ఒకటి, ఇంట్లో మాట్లాడే భాష ఒకటి అయినవాళ్ళం మనం. అందుకే ఈసారి మన చరిత్ర కాకపోయినా, మనసుకు దగ్గరగా అనిపించే ఒక కథ చెప్పుకుందాం.

జేమ్స్ హాంగ్ అంటే మనలో చాలామందికి తెలియకపోవచ్చు. ‘కుంగ్‌ఫూ పాండా’లో పాండాను కన్నకొడుకులా పెంచిన, నూడుల్స్ కొట్టు నడిపే బాతు తండ్రి గొంతు ఆయనదే అంటే మన పిల్లలు ఇట్టే పట్టేస్తారు. సినిమాలు, టీవీ, డబ్బింగ్ అన్నీ కలిపితే ఆయన వేసిన వేషాలు 400 పైమాటే.

ఆయన 1929లో అమెరికాలోని మినియాపొలిస్‌లో ఒక చైనీయ కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలో కొన్నేళ్ళు హాంకాంగ్‌లో పెరిగి, పదేళ్ళ వయసులో తిరిగి వచ్చారు. సివిల్ ఇంజనీరింగ్ చదివి, లాస్ ఏంజిలిస్ కౌంటీలో రోడ్ల ఇంజనీరుగా కొంతకాలం పనిచేశారు. నటన మీద మోజుతో ఆ ఉద్యోగం వదిలేశారు. 1955లో క్లార్క్ గేబుల్ సినిమా ‘సోల్జర్ ఆఫ్ ఫార్చ్యూన్’లో చిన్న వేషం దొరికింది. 1956లో జపాన్ ‘గాడ్జిల్లా’ను అమెరికా కోసం మార్చినప్పుడు, అందులో ఎన్నో పాత్రలకు గొంతు ఇచ్చిన కొద్దిమందిలో ఆయన ఒకరు.

అప్పటి హాలీవుడ్ తీరు మనం తెలుసుకోవాలి. చైనా రైతు కుటుంబం కథ ‘ది గుడ్ ఎర్త్’ (1937)లో నాయికా నాయకులు ఇద్దరూ తెల్లవాళ్ళే. లాస్ ఏంజిలిస్‌లోనే పుట్టి, అప్పటికే పేరు తెచ్చుకున్న చైనీయ నటి అన్నా మే వాంగ్‌కు నాయిక పాత్ర ఇవ్వలేదు. ఆ పాత్ర వేసిన లూయిజ్ రైనర్‌కు ఆస్కార్ వచ్చింది. ఇరవై ఏళ్ళ తర్వాత చార్లీ చాన్ టీవీ సీరియల్‌లో హాంగ్ పెద్దకొడుకు వేషం వేస్తే, చైనీయ తండ్రి వేషం వేసింది మళ్ళీ తెల్ల నటుడే.

మిగిలినవన్నీ నౌకరు, వంటవాడు, దొంగ వేషాలు. హాంగ్ వాటిని కాదనలేదు, ఇల్లు గడవాలి కదా! అలాగని అక్కడితో ఆగలేదు. 1965లో మాకో, బ్యూలా క్వో, సూన్-టెక్ ఓ తదితరులతో కలిసి లాస్ ఏంజిలిస్‌లో ‘ఈస్ట్ వెస్ట్ ప్లేయర్స్’ నాటక సంస్థను స్థాపించారు. మాకో జపాన్‌లో పుట్టినవారు, ఓ కొరియాలో పుట్టినవారు, క్వో కాలిఫోర్నియా చైనీయురాలు. మూలాలు వేరైనా అందరి ఇబ్బందీ ఒకటే. మొదటి నాటకం ‘రషోమాన్’ను ఒక చర్చి నేలమాళిగలో ఆడారు. ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. సంఘాలు నడిపే మనకు, అందులో ఎంత ఓపిక ఉందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత కూడా ఆయనకు ‘చైనాటౌన్’ (1974)లో బట్లర్, ‘బ్లేడ్ రన్నర్’ (1982)లో కృత్రిమ కళ్ళు చేసే పనివాడు వంటి వేషాలే వచ్చాయి. ‘బిగ్ ట్రబుల్ ఇన్ లిటిల్ చైనా’ (1986)లో మాంత్రికుడు లో పాన్‌గా మాత్రం తెరంతా ఆయనే. విడుదలైనప్పుడు ఆడని ఆ సినిమాకు తర్వాత అభిమానులు పెరిగారు.

హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరిట నక్షత్రం 2022లో పడింది. అప్పటికి వయసు 93. దానికి కావలసిన డబ్బును నటుడు డేనియల్ డే కిమ్ చొరవతో అభిమానులే చందాలు వేసి పోగుచేశారు.

అదే ఏడాది వచ్చిన ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’లో ఆయన మిషెల్ యోకి తండ్రి. 2023లో నటీనటుల సంఘం ఆ సినిమా బృందానికి అవార్డు ఇచ్చినప్పుడు, వేదిక మీద హాంగ్ పాత రోజులను గుర్తుచేశారు. కళ్ళకు టేపు అంటించుకుని తెల్లవాళ్ళు ఆసియా వేషాలు వేసేవారని, ఆసియావాళ్ళతో టికెట్లు తెగవని నిర్మాతలు అనేవారని చెప్పి అందరినీ నవ్వించారు. కొన్ని రోజులకే మిషెల్ యోకి ఉత్తమ నటి ఆస్కార్ వచ్చింది. రైనర్ ఆ ఆస్కార్ అందుకున్న 85 ఏళ్ళకు ఒక ఆసియా నటి చేతికి మొదటిసారి అది దక్కింది. తెర మీద ఆమె తండ్రిగా నిలబడ్డది, అన్నేళ్ళూ చిన్న వేషాలతో నెట్టుకొచ్చిన ఈ పెద్దాయనే.