బండ వేషం నుంచి లేడీ గెటప్ దాకా

2018లో ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా కోసం తెలుగుదేశం ఎంపీలు పార్లమెంటు ఆవరణలో ధర్నాకు దిగినప్పుడు టీవీ కెమెరాలు ముందుగా వెతికింది చిత్తూరు ఎంపీ నారమల్లి శివప్రసాద్‌ను. ఈరోజు ఏ వేషంలో వస్తారో! ఒకనాడు నారదుడు, ఇంకోనాడు చీర కట్టిన ఆడమనిషి, మరోనాడు హిట్లర్. వేషానికి తగ్గ మాట, దానికి తగ్గ విసురు. కాసేపటి ఆ ముచ్చట తెలుగు చానళ్లన్నింట్లో తిరిగేది.

ఢిల్లీలో వింతగా చూశారేమో గానీ తిరుపతిలో ఇది ఏటా జరిగే తంతే.

తాతయ్యగుంట గంగమ్మ జాతరకు ఊరు ఊరంతా వేషం కడుతుంది. బుధవారం బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్లటి నామంసుద్ద, గురువారం బండ వేషానికి కుంకుమ, శుక్రవారం తోటి వేషానికి బొగ్గు. ఆ తర్వాత దొర, మాతంగి, సున్నపుకుండలు. ఆడవాళ్లను చెరపట్టే పాలెగాణ్ణి మట్టుబెట్టడానికి గంగమ్మ రోజుకో వేషంలో వెతికిందనీ, దాక్కున్నవాడు దొర వేషం చూసి బయటికొచ్చి తల పోగొట్టుకున్నాడనీ కథ. ప్రధాన వేషాలు కైకాల వంశస్థులవి. మొక్కున్న మగవాళ్లు మీసం తీయించుకుని, చీర కట్టి, పూలు పెట్టుకుని గుడికి వెళతారు. బండ వేషగాళ్ల నోట బూతులు దొర్లుతాయి. అవి పాలెగాడికి తగిలే తిట్లు కాబట్టి ఎవరూ నొచ్చుకోరు.

శివప్రసాద్ తిరుపతి ఎస్వీ మెడికల్ కాలేజీలో చదివిన డాక్టరు, పైగా నాటకాల పిచ్చి. సినిమాల్లో నటించారు, ‘డేంజర్’లో విలన్ పాత్రకు నంది అందుకున్నారు. దర్శకత్వమూ చేశారు. 1991లో ఆయన తీసిన ‘ప్రేమ తపస్సు’తోనే తిరుపతి అమ్మాయి రోజా తెరకెక్కింది.

ఆ రోజా 2013 ఫిబ్రవరిలో ఈటీవీ కామెడీ షో ‘జబర్దస్త్’లో నటుడు నాగబాబు పక్కన జడ్జి కుర్చీలో కూర్చుంది. టీమ్ లీడరు తన బృందంతో స్టేజీ ఎక్కుతాడు, పంచ్ మీద పంచ్ వేస్తాడు, చివర్లో జడ్జీలు మార్కులిస్తారు. మొదటి రోజుల్లో భార్య, అత్త, వదిన పాత్రలన్నీ చాలావరకు మగవాళ్లవే. ‘లేడీ గెటప్’ అన్న మాట ఇంటింటికీ చేరింది. రోహిణి, ఫైమా లాంటి ఆడవాళ్లు వచ్చాక ఆ లెక్క మారింది.

ఈ స్కిట్లకు జాతరే మూలమని ఎవరూ నిరూపించలేరు. కానీ జాతరలో మాఫీ అయిన బూతు టీవీలో కాలేదు. డబుల్ మీనింగులంటూ షోకు చీవాట్లు పడుతూనే వచ్చాయి. అమ్మవారి మొక్కులో చీర ఒక్కరోజుది. స్కిట్‌లో చీర కట్టినవాడికి అది కూడు పెట్టే పని, వారం వారం కొత్త నవ్వు పుట్టించాలి. చప్పట్లు తక్కువైతే మార్కులూ తక్కువే.

రోజాకు ఇంకో చిక్కు. 2014లో నగరి నుంచి 858 ఓట్ల తేడాతో ఎమ్మెల్యే అయింది. జడ్జి కుర్చీ మాత్రం వదల్లేదు. ఎమ్మెల్యేకు ఈ షో ఏమిటని ప్రత్యర్థులు దెప్పినా కొనసాగింది. శివప్రసాద్ 2019 సెప్టెంబరులో పోయారు. 2022 ఏప్రిల్‌లో రోజా పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రి అయి జబర్దస్త్ నుంచి తప్పుకుంది. ఆమె మంత్రిగా ఉండగానే, 2023లో, ప్రభుత్వం గంగ జాతరను రాష్ట్ర పండుగగా ప్రకటించింది.