కామాటిపురా లెక్కల్లో తెలుగువాళ్లు

1784లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయి వర్లీ దగ్గర సముద్రపు గండి మూతపడ్డాక బొంబాయి లోతట్టు నేలలు క్రమంగా జనం ఉండేందుకు పనికొచ్చాయి. ఆ నేలల మీద రోడ్లు వేయడానికి, గోడలు లేపడానికి నిజాం ఇలాకా నుంచి తెలుగు కూలీలు తరలివచ్చారు. వాళ్లు స్థిరపడిన పేటకే కామాటిపురా అని పేరొచ్చింది. నగరాన్ని కట్టిన ఈ జనానికి నగర చరిత్రలో దక్కిన చోటు చాలా తక్కువ. ఉన్నదే కొద్దిమంది కాబట్టి అలా జరిగిందనుకోవడం తేలిక. వాళ్లను లెక్కవేసిన తీరే వాళ్లను మరుగుపరిచిందని నేనంటాను. గణాంకశాస్త్రం మొదటి పాఠాల్లో చెప్పే సంగతులు తెలిస్తే చాలు, ఇది అర్థమవుతుంది.

జనగణన కాగితంలో వయసు, గదుల సంఖ్య, అద్దె కొలిచే రకం సమాచారం. వాటిని కూడవచ్చు, సగటు తీయవచ్చు. కులం, భాష, పుట్టిన చోటు అలా కాదు. అవి పేర్లు మాత్రమే. ఏ పేరు కింద ఎంతమంది ఉన్నారో చెప్పగలం, అంతే. కాబట్టి ఇక్కడ గడులు ఎలా గీశారన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. ‘కామాఠీ’ ఒక కులం కాదు, తెలుగు ప్రాంతం నుంచి వచ్చిన అనేక కులాల శ్రామికులకు బొంబాయి పెట్టిన ఉమ్మడి పేరు. మున్నూరుకాపు కుటుంబం ఆ గడిలోకి వెళ్లవచ్చు, తన కులం పేరే చెప్పి బయట ఉండిపోనూ వచ్చు. పుట్టిన చోటు చూద్దామంటే, హైదరాబాదు సంస్థానం గడిలో ఔరంగాబాదు మరాఠీవాళ్లూ రాయచూరు కన్నడిగులూ కలిసిపోతారు. అదే సమయంలో కామాటిపురాలో ఒక చాల్‌లో, అంటే వరుస గదుల అద్దె భవనంలో, పుట్టిన తెలుగు బిడ్డ బొంబాయి గడిలోకి పోతుంది. ఇక మిగిలింది భాష. మూడు గడులూ మూడు వేర్వేరు అంకెలిస్తాయి. మూడూ నిజమే, కానీ ఏ ఒక్కటీ ‘బొంబాయి తెలుగువాళ్లు ఎంతమంది’ అన్న ప్రశ్నకు నేరుగా జవాబు కాదు.

జనగణనలో అందరినీ లెక్కపెడతారు కదా, నమూనా గొడవ ఎక్కడిదని అడగవచ్చు. మనుషుల విషయంలో ఆ మాట సరే. కాలం విషయంలో సరికాదు. ఆనాటి జనగణన ఒక రాత్రి ఎవరు ఎక్కడున్నారో అక్కడే రాసుకునేది, అంటే ఏడాది మొత్తానికి ఒక్క రాత్రే నమూనా. 1864లో బొంబాయిలో తీసిన లెక్క 8,16,562 మందిని చూపింది. అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి ధర ఆకాశానికంటి, ఎక్కడ చూసినా కట్టడాలు లేస్తున్న కాలమది. 1872 నాటికి ఆ సంఖ్య 6,44,405కు పడిపోయింది. మధ్యలో 1865లో వాటాల వ్యాపారం కుప్పకూలింది. ప్లేగు దెబ్బ తిన్న 1901లో 7,76,006, పదేళ్ల తర్వాత 9,79,445. పని ఉంటే వచ్చి, లేకపోతే ఊరికి మళ్లే కట్టడపు కూలీల విషయంలో ఏ రాత్రి లెక్కపెట్టారన్నది ఎంత ముఖ్యమో ఈ ఎగుడుదిగుళ్లే చెబుతాయి.

అలాగని నమూనా అంటేనే అపనమ్మకం పెట్టుకోనక్కర్లేదు. ఇంగ్లండులోని రీడింగ్ పట్టణంలో ఆర్థర్ బౌలీ 1912లో సుమారు ఇరవై ఇళ్లకు ఒకటి చొప్పున చూసి శ్రామికుల స్థితి అంచనా వేశాడు. ఆ పనిలో ఆయన సహరచయిత బర్నెట్-హర్స్ట్ తర్వాత బొంబాయి శ్రామికుల నివాసాల మీద 1925లో పుస్తకం వెలువరించాడు. 1921-22లో బొంబాయి లేబర్ ఆఫీసు ఫిండ్లే షిరాస్ నేతృత్వంలో 2,473 కుటుంబాల, 603 మంది ఒంటరి మగవాళ్ల ఖర్చుల లెక్క సేకరించింది. నూటికి 97 కుటుంబాలు ఒకే గదిలో బతుకుతున్నాయని తేలింది. లక్షల మంది శ్రామికుల నగరానికి ఇది చాలా అంటే, చూసిన ఇళ్లు ఎన్ని అనేదాని కంటే వాటిని ఎలా ఎంచారన్నదే అసలు పరీక్ష. ప్రతి ఇంటికీ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉంటే కొద్ది ఇళ్లయినా నిజం చెబుతాయి. ఒంటరివాళ్లను విడిగా ఉంచడం కూడా మంచి పని. ఊళ్లో భార్యాబిడ్డలకు డబ్బు పంపే మగవాడినీ, చాల్‌లో పిల్లలతో కాపురమున్న ఇంటినీ కలిపి సగటు తీస్తే ఎవరి బతుకూ అందులో కనిపించదు.

కామాటిపురాకు జరిగిన పెద్ద అన్యాయం ఈ ఎంపిక దగ్గరే ఉంది. పద్నాలుగు గల్లీల పేటలో కొన్ని గల్లీల వేశ్యావాటికలనే చూసినవాళ్లు మొత్తం పేటకు ఆ ముద్ర వేశారు. ఆ స్త్రీల కష్టం నిజం, దాన్ని రాయవలసిందే. అయితే చూడ్డానికి ముందే ఏ గల్లీకి వెళ్లాలో నిర్ణయించుకున్న పరిశీలన పేట గురించి చెప్పే అర్హత కోల్పోతుంది. మేస్త్రీలు, మిల్లు కార్మికులు, పద్మశాలీలు, తెలుగు బడికి వెళ్లే పిల్లలు ఆ నమూనాలోకి ఎప్పుడూ రాలేదు.

గడులు ఇంత లోపభూయిష్ఠమైతే లెక్కలే వద్దనేవారూ ఉంటారు. నేను ఒప్పుకోను. ఆ కూలీలు డైరీలు రాసిపెట్టలేదు, ఆస్తి పత్రాలు వదిలిపోలేదు. చాలామంది ఉనికికి జనగణన పట్టికలే మిగిలిన రాతపూర్వక ఆధారం. 2027 జనగణన వస్తోంది. జనగణన నిర్వచనం ప్రకారం మాతృభాష అంటే చిన్నప్పుడు తల్లి బిడ్డతో మాట్లాడిన భాష. బయట హిందీ, మరాఠీ మాట్లాడుతున్నా, తల్లి తెలుగులో పలకరించిన ప్రతి చాల్ బిడ్డా ఆ గడిలో తెలుగు అని రాయించాలి.