వర్ని చెరకు నేలలో ఇంటి మిఠాయి: నువ్వుల ముద్ద నుంచి చాక్లెట్ పల్లీ ముద్ద దాకా

వేయించిన పల్లీలను నూనె తేలేదాకా మెత్తగా నూరి, చక్కెర పొడి కలిపి, చిన్న ముద్దలుగా చేసి, కరిగించిన చాక్లెట్‌లో ముంచి ఆరబెడితే చాక్లెట్ పల్లీ ముద్ద తయారవుతుంది. నిజామాబాద్ జిల్లా వర్ని, రుద్రూరు, బోధన్ ప్రాంతపు ఇళ్లలో చేసే మిఠాయిల వరుసలో ఇది చివరగా వచ్చి చేరింది. ఇందులో చాక్లెట్ ఒక్కటే కొత్తది. గింజ వేయించడం, నూరడం, తీపి కలిపి ముద్ద కట్టడం, అచ్చులో పోసి ఆరబెట్టడం ఇక్కడ తరాలుగా సాగుతున్న పనులే. ఏ కాలంలో ఏ సరుకు చేతికి అందితే ఆ సరుకు ఈ పనుల్లోకి వచ్చి చేరింది. మొదట నువ్వులు, బెల్లం, తర్వాత కాలువ నీటితో చెరకు, ఫ్యాక్టరీతో తెల్ల చక్కెర, ఆ పైన పల్లీలు, చివరికి కోకో. ఈ ప్రాంతపు ఇంటి మిఠాయి చరిత్ర ఈ వరుసలోనే నడిచింది.

నువ్వులు, బెల్లం

చక్కెర ఫ్యాక్టరీ రాకముందు పల్లెల్లో తీపి అంటే బెల్లమే. గానుగలో చెరకు ఆడి, రసాన్ని వెడల్పాటి పెనంలో కాచి, మడ్డి తీసి, చిక్కబడ్డాక అచ్చుల్లో పోసేవారు. సుమారు పది కిలోల చెరకుకు ఒక కిలో బెల్లం వస్తుంది. చెరువు కింద, బావుల కింద పండే చెరకు కొద్దిపాటిదే కనుక తీపి వంట పండుగకే పరిమితమయ్యేది.

బెల్లానికి జోడీ నువ్వులు. తక్కువ నీటితో పండే పంట, నూనె పుష్కలంగా ఉన్న గింజ. ఈ జోడీకి తెలంగాణ పండుగల్లో స్థిరమైన స్థానం ఉంది. తొమ్మిది రోజుల బతుకమ్మలో ఎనిమిదో రోజు వెన్నముద్దల బతుకమ్మ. ఆ రోజు నైవేద్యం నువ్వులు, వెన్న లేదా నెయ్యి, బెల్లం కలిపి కట్టిన ముద్దలు. మరునాడు సద్దుల బతుకమ్మకు వేయించిన నువ్వుల పొడి, పల్లీల పొడి, కొబ్బరి పొడి తీపి కలిపి సిద్ధం చేస్తారు. బతుకమ్మను నీళ్లలో సాగనంపిన తర్వాత ఆడవాళ్లు ఆ పొడులను ఒకరికొకరు పంచుకుంటారు. గింజలోని నూనెనే ఆధారం చేసుకుని తీపిని ముద్దగా నిలపడం ఈ వంటల్లోని కీలకం. నేటి పల్లీ వెన్న మిఠాయికి ఆధారమైన సూత్రం కూడా అదే.

మరో పాత తీపి మలీద. రొట్టెను చేత్తో నలిపి, బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు కడతారు. బతుకమ్మ సద్దుల్లోనూ, పీర్ల పండుగలోనూ, దర్గాల దగ్గరా ఇది ప్రసాదం. వర్ని మండలంలోని బడాపహాడ్ దర్గాకు హిందువులూ ముస్లింలూ కలిసి వస్తారు. ఇలాంటి చోట్ల ఒకే తీపి రెండు మతాల ఇళ్ల పొయ్యిల మీద తయారైంది. పడమరన మహారాష్ట్ర సరిహద్దు దగ్గర కావడంతో సంక్రాంతికి నువ్వులు బెల్లం ఇచ్చిపుచ్చుకునే మరాఠీ అలవాటు కూడా బోధన్ వైపు ఇళ్లకు పరిచయమైంది.

కాలువ, చెరకు, క్యాంపులు

1923లో మంజీరా నది మీద అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ నిర్మాణం మొదలైంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, ప్రసిద్ధ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో సాగిన ఆ పని 1931లో పూర్తయింది. 2.75 లక్షల ఎకరాలకు నీరివ్వడం దాని లక్ష్యం. ప్రధాన కాలువ బాన్సువాడ, వర్ని, బోధన్ ప్రాంతాల మీదుగా సాగడంతో మెట్ట పంటల నేల వరికీ చెరకుకూ అనువైన మాగాణిగా మారింది.

నీరు వచ్చింది గానీ కాలువ కింది సేద్యంలో ఆరితేరిన రైతులు చాలినంతమంది లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి రైతు కుటుంబాలు వలస వచ్చి భూములు కొని, కౌలుకు తీసుకుని స్థిరపడ్డాయి. వాళ్ల కొత్త నివాసాలకు క్యాంపులన్న పేరు నిలిచిపోయింది. వర్ని చుట్టుపక్కల ఆ క్యాంపులు నేటికీ ఉన్నాయి. ఆ కుటుంబాలతో పాటు వాళ్ల వంటలూ వచ్చాయి. మినప సున్నుండలు, పాకుండలు, తిరునాళ్ల జీళ్లు కోస్తా నుంచి వచ్చినవి. గర్జెలు, మలీద, నువ్వుల ముద్దలు ఇక్కడివి. ఇరుగుపొరుగుల మధ్య పండుగ పళ్లేలు అటూ ఇటూ మారాయి. ఒక ఇంట్లో పల్లీ పట్టి అన్నదే పక్క ఇంట్లో వేరుశనగ అచ్చు. ఒక ఇంటి చక్కెర మరో ఇంటి పంచదార. పాకం మాత్రం రెండు ఇళ్లలోనూ ఒకటే.

ఫ్యాక్టరీ చక్కెర

బ్రిటిష్ ఇండియాలో 1932 నాటి చక్కెర పరిశ్రమ రక్షణ చట్టం విదేశీ చక్కెర పోటీని అడ్డుకోవడంతో దేశమంతటా ఫ్యాక్టరీలు వేగంగా పెరిగాయి. హైదరాబాద్ సంస్థానం కూడా ఈ దారి పట్టింది. 1937లో బోధన్ పక్కన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్ అనే పట్టణమే లేచింది. ఒకప్పుడు ఆసియాలోని అతి పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటిగా దానికి పేరు. సొంత చెరకు క్షేత్రాలు, చెరకు మోసుకొచ్చే చిన్న రైలు, డిస్టిలరీ, కార్మికుల క్వార్టర్లు, బడి, ఆసుపత్రి దాని కింద నడిచాయి. జానకంపేట నుంచి వచ్చే రైలు మార్గం బోధన్‌ను నిజామాబాద్‌తో కలిపింది. చెరకు మేలు రకాల కోసం రుద్రూరులో పరిశోధన కేంద్రం పనిచేసింది.

తెల్ల చక్కెర దగ్గరికి రావడంతో ఇంటి మిఠాయి తీరు మారింది. బెల్లంలో మట్టి రంగు, ఖనిజ లవణాలు, తేమ ఉంటాయి. ఊరూరికీ, దిమ్మ దిమ్మకూ పాకం మారిపోతుంది. చక్కెర పాకం ఎప్పుడు చేసినా ఒకే తీరుగా వస్తుంది. సుమారు 115 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీళ్లలో వేస్తే మెత్తని ఉండ కట్టే ఉండపాకం. 150 డిగ్రీల దగ్గర నీళ్లలో వేయగానే గట్టిపడి, విరిస్తే టక్కుమనే ముదురుపాకం. ఇంట్లో ఉష్ణమాపకం లేదు. గిన్నెలో చల్లని నీళ్లు, రెండు వేళ్లు, చెవి, అనుభవం ఆ పని చేశాయి. పట్టీకి ముదురుపాకం, ముద్దలకు ఉండపాకం అన్న లెక్క తల్లి నుంచి కూతురికి చేతి పనిగానే అందింది. పాకం గడ్డలు కట్టకుండా నిమ్మరసం పిండటం కూడా ఆ అనుభవంలోదే. ఆ పులుపు చక్కెరలో కొంత భాగాన్ని గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడదీసి స్ఫటికాలు ఏర్పడకుండా ఆపుతుంది.

చక్కెరను అచ్చులో పోసే విద్యకు ఉత్తర తెలంగాణలో హోలీ సాక్ష్యం. పండుగకు పిల్లల మెడలో చక్కెర పేర్లు, ఎండు కొబ్బరి కుడుకల పేర్లు వేయడం ఇక్కడి ఆచారం. మిఠాయి చేసేవారు చిక్కని చక్కెర పాకాన్ని దారం పరిచిన చెక్క అచ్చుల్లో పోసి, గట్టిపడ్డాక దండగా తీస్తారు. పిల్లలు ఆ బిళ్లను కుడుక ముక్కతో కలిపి తింటారు. నూనె గింజ, చక్కెర బిళ్ల కలిసిన ఆ రుచి ఇక్కడి పిల్లల నాలుకకు చాక్లెట్ కంటే చాలా ముందే తెలుసు.

పల్లీ రాక

పల్లీ దక్షిణ అమెరికా పంట. యూరోపియన్ నావికుల ద్వారా భారతదేశం చేరి, 19వ శతాబ్దంలో దక్షిణాదిన వాణిజ్య పంటగా విస్తరించింది. తెలంగాణలో పాలమూరు వైపు నేలలు దానికి ప్రధాన స్థానమయ్యాయి. పల్లీలో దాదాపు సగం నూనె, నాలుగో వంతు మాంసకృత్తులు ఉంటాయి. నువ్వుల కంటే పెద్ద గింజ కావడంతో వేయించడం, పొట్టు తీయడం, నూరడం సులువు. అందుకే పాత నువ్వుల ముద్ద పద్ధతిలో పల్లీ తొందరగా ఇమిడిపోయింది. పల్లీ పట్టి చవకగా కడుపు నింపే చిరుతిండిగా బడి పిల్లల దాకా చేరింది.

గింజను నూరి మిఠాయి చేయడం హైదరాబాద్ నగరపు వంటిళ్లలోనూ ఉంది. బాదం ముద్దకు చక్కెర చేర్చి, పలకగా ఒత్తి, జాలీలా కత్తిరించి, సన్న సెగన ఆరనిచ్చే బాదం కీ జాలీ అసఫ్‌జాహీల నాటి సంపన్న ఇళ్ల వంట. పల్లెలో బాదం లేదు. ఆ స్థానంలో పల్లీ ఉంది.

పల్లీ వెన్న తినే అలవాటు మాత్రం ఉత్తర అమెరికాలో స్థిరపడింది. 1884లో కెనడాకు చెందిన మార్సెలస్ గిల్మోర్ ఎడ్సన్ వేయించిన పల్లీల ముద్దకు పేటెంట్ పొందాడు. తర్వాతి దశాబ్దంలో జాన్ హార్వీ కెల్లాగ్ తన ఆరోగ్య కేంద్రంలో గింజల వెన్నను ఆహారంగా ప్రచారం చేశాడు.

చాక్లెట్ ఎలా కలిసింది

కోకో మధ్య అమెరికాలో పానీయంగా మొదలైంది. 1828లో నెదర్లాండ్స్‌లో వాన్ హౌటెన్ ప్రెస్సు కోకో గింజ నుంచి వెన్నను విడదీసింది. 1847లో ఇంగ్లండ్‌లో ఫ్రై కంపెనీ తినే చాక్లెట్ బిళ్ల చేసింది. 1875లో స్విట్జర్లాండ్‌లో డానియెల్ పీటర్ పాల చాక్లెట్ తయారుచేశాడు. గింజల ముద్దతో చాక్లెట్‌ను కలిపిన తొలి ప్రసిద్ధ ఉదాహరణ ఇటలీలోని ట్యూరిన్‌ది. నెపోలియన్ కాలపు నౌకా దిగ్బంధంలో కోకో కరువై, అక్కడి మిఠాయివారు దొరికిన హేజెల్ గింజల ముద్దను అందులో కలిపారని చెబుతారు. పల్లీ వెన్న, చాక్లెట్ జంటను 1928లో అమెరికాలోని హెర్షీ పట్టణంలో హెచ్. బి. రీస్ కప్పు ఆకారపు మిఠాయిగా అమ్మి జనంలోకి తెచ్చాడు.

భారతదేశంలో క్యాడ్‌బరీ 1948లో అడుగుపెట్టింది. తెలుగు నేల మీద 1952లో చిత్తూరులో మొదలైన న్యూట్రిన్ చక్కెర మిఠాయిలను చిన్న కిరాణా కొట్ల డబ్బాల్లోకి చేర్చింది. తర్వాతి దశాబ్దాల్లో గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో కోకో అంతర పంటగా వ్యాపించింది. నేడు దేశంలో కోకో పండించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఆ కోకోతోనే 2023 నుంచి హైదరాబాద్‌లో ‘మనం చాక్లెట్’ వంటి సంస్థలు గింజ నుంచి బిళ్ల దాకా తామే తయారుచేస్తున్నాయి.

వర్ని వంటి పల్లె పట్టణాల ఇళ్లలోకి చాక్లెట్ పని ఆలస్యంగా రావడానికి కారణం ఎండ. కోకో వెన్న సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నిజామాబాద్ వేసవిలో 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. ఫ్రిజ్జు ఇంటింటికీ వచ్చాక, కోకో వెన్నకు బదులు వృక్ష సంబంధమైన కొవ్వుతో చేసిన కాంపౌండ్ చాక్లెట్ దిమ్మలు బేకరీ సరుకుల దుకాణాల్లో దొరికాక ఈ అడ్డు తొలగింది. రోలు, ఇసుర్రాయి చేసే పనిని మిక్సీ నిమిషాల్లో చేసింది. చెక్క అచ్చు చోట సిలికాన్ అచ్చు వచ్చింది.

చేసే తీరు

పల్లీలు ఏరడం మొదటి పని. ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజు పట్టినవి తీసేయాలి. బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్ కాలేయానికి హాని చేస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. సన్న సెగ మీద వేయించి, చల్లారాక పొట్టు తీసి మిక్సీలో వేస్తే మొదట పొడి, తర్వాత ముద్ద, చివరికి నూనె తేలి జారే వెన్న అవుతుంది. రెండు గ్లాసుల పల్లీ వెన్నకు సుమారు ఒక గ్లాసు చక్కెర పొడి, చిటికెడు ఉప్పు కలుపుతారు. జారుగా ఉంటే పాలపొడి చేరుస్తారు. నీళ్లు పోయరు. తడి తగిలితే ముద్ద బిగుసుకుపోతుంది, తొందరగా చెడిపోతుంది. ఉండలు చేసి ఫ్రిజ్జులో గట్టిపరుస్తారు.

చాక్లెట్‌ను నేరుగా మంట మీద పెట్టరు. వేడి నీటి గిన్నె మీద మరో గిన్నె ఉంచి ఆవిరి వేడితో కరిగిస్తారు. ఒక్క నీటి చుక్క పడినా చాక్లెట్ ముద్దకట్టి పాడవుతుంది. కాంపౌండ్ చాక్లెట్‌కు కరిగించి ముంచడం చాలు. అసలు చాక్లెట్‌కు ఇంకొక మెట్టు ఉంది. నల్ల చాక్లెట్‌ను 45 నుంచి 50 డిగ్రీల దాకా కరిగించి, 28 డిగ్రీలకు చల్లార్చి, మళ్లీ 31, 32 డిగ్రీలకు తెస్తేనే కోకో వెన్న సరైన స్ఫటికాలు కట్టి మెరుపు, విరుపు వస్తాయి. ముదురుపాకం గుర్తుపట్టిన చేతికి ఈ వేడి లెక్క కొత్త పాఠమే గానీ అపరిచితమైన విద్య కాదు.

ఫ్యాక్టరీ ఆగిన తర్వాత

2002లో నిజాం షుగర్స్‌లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటనతో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి ఫ్యాక్టరీలు మూడూ మూతపడ్డాయి. కార్మికులు జీతాలు కోల్పోయారు. బోధన్ చుట్టుపక్కల చెరకు తగ్గి వరి విస్తరించింది. దాదాపు ఎనభై ఏళ్లపాటు ఊరి పక్కనే తయారైన చక్కెర ఇప్పుడు బయటి నుంచి సంచుల్లో వస్తోంది. మళ్లీ తెరవాలన్న కార్మికుల, రైతుల డిమాండు నేటికీ వినిపిస్తూనే ఉంది.

రుద్రూరులో చెరకు, వరి పరిశోధన కేంద్రం పక్కనే ఇప్పుడు వ్యవసాయ విశ్వవిద్యాలయపు ఆహార శాస్త్ర సాంకేతిక కళాశాల నడుస్తోంది. ముదురుపాకం, వెన్నముద్దల కొలత, చక్కెర పేర్ల అచ్చు తెలిసిన పెద్దలు ఆ కళాశాలకు కూతవేటు దూరంలోని ఊళ్లలోనే ఉన్నారు. ఫ్యాక్టరీ ఉత్పత్తి లెక్కలు రికార్డుల్లో ఉన్నాయి. ఈ ఇంటి విద్య మాత్రం చేతుల్లోనే ఉంది. వాళ్ల కొలతలను, పేర్లను, పద్ధతులను రాసి భద్రపరిచే పని ఆ కళాశాల విద్యార్థులూ, ఈ ప్రాంతపు ప్రతి ఇంటివారూ ఇప్పుడే చేపట్టాలి.