యూజబిలిటీ: ఒక నిర్వచనానికి వ్యాఖ్య

ఐఎస్ఓ 9241-11 ప్రమాణం 1998లో వచ్చింది, 2018లో దాన్ని సవరించారు. అందులోని యూజబిలిటీ నిర్వచనం సారం ఇది: ఫలానా వాడుకదారులు, ఫలానా లక్ష్యాలను, ఫలానా సందర్భంలో, ఫలవంతంగా, తక్కువ ప్రయాసతో, తృప్తిగా సాధించగలగాలి. ప్రయాణాలకు ఊళ్లు, హోటళ్లు సూచించే సైట్లను పరీక్షించేవాళ్లకు ఇందులోని ప్రతి మాటా అవసరమే.

‘ఫలానా వాడుకదారులు’: పరీక్షకు తేలిగ్గా దొరికేది కాలేజీ పిల్లలు. కానీ అమ్మానాన్నలను తీర్థయాత్రకు పంపాలని గది వెతికే కూతురి అవసరం వేరు. పైగా ఆమె పాత బుకింగులన్నీ ఆఫీసు పనివే అయితే, వాటిని చూసి సైట్ చేసే సూచన ఈ యాత్రకు పనికిరాదు.

‘లక్ష్యాలు’: ఎవరి లక్ష్యాలన్నదే అసలు ప్రశ్న. హోటల్ ధరలను పోల్చి చూపే ట్రివాగో, చవకైన ధర దొరుకుతుందంటూ ఆస్ట్రేలియా టీవీల్లో ప్రకటనలిచ్చింది. ఒక్కో హోటల్‌కు ఒక్క ధరను కొట్టొచ్చినట్టు చూపేది. ఏ ధరను అలా చూపాలో నిర్ణయించడంలో, క్లిక్‌కు ఏ బుకింగ్ సైట్ ఎంత చెల్లిస్తుందన్నదానికి పెద్దపీట ఉండేది. పరిశీలించిన హోటళ్లలో 66.8 శాతానికి, అంతకన్నా తక్కువ ధర ఉన్నా ఎక్కువ ధరే పైన కనిపించిందని కోర్టు ముందు తేలింది. కొట్టివేసినట్టు పక్కన చూపిన పాత ధర కొన్నిసార్లు అదే హోటల్‌లోని ఖరీదైన గదిది. 2020లో ఫెడరల్ కోర్టు ఇది తప్పుదారి పట్టించడమేనంది, 2022లో 4.47 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించింది. ‘బుకింగ్ పూర్తయిందా, ఎన్ని నిమిషాల్లో?’ అని మాత్రమే కొలిచే పరీక్షలో అదే తెర మంచి మార్కులతో గట్టెక్కేది. వెతికిన మనిషికి కావలసింది చవక గది, బుకింగ్ కాదు.

‘ఫలవంతంగా’: అందుకే సరైన జవాబు ముందే తెలిసిన పని ఇవ్వాలి. ‘అరకులో రెండు రాత్రులు, మోకాళ్ల నొప్పులున్న నాన్నగారికి కింది అంతస్తులో గది, ఈ బడ్జెట్‌లో’ అని చెప్పి, ఆ షరతులన్నీ తీరే హోటళ్లలో ఒకదాన్ని పట్టుకున్నారా, లేక పైన కనిపించినదాన్ని నొక్కేశారా అన్నది చూడాలి.

‘తక్కువ ప్రయాస’: నిమిషాలు, వెనక్కి వెళ్లిన సార్లు లెక్కపెడితే చాలు. తేదీ మార్చగానే ఎంచుకున్న ఫిల్టర్లన్నీ చెరిగిపోతే అది దోషమే.

‘సందర్భం’: ఆఫీసు వైఫైలో చక్కగా నడిచిన మ్యాపు, సిగ్నల్ అందని ఘాట్ రోడ్డులో తెరుచుకోకపోవచ్చు. పరీక్ష అక్కడా జరగాలి.

‘తృప్తి’: దీనికి ఎక్కువమంది వాడేది 1986లో జాన్ బ్రూక్ తయారుచేసిన ఎస్‌యూఎస్ ప్రశ్నావళి. పది వాక్యాలు, ఒక్కోదానికి అయిదు మెట్లు, మొత్తం 100కి లెక్క. 68ని సగటుగా తీసుకుంటారు. సైట్ వాడటం తేలికా కాదా అన్నది అది చెబుతుంది, సూచన మంచిదా అన్నది అడగదు. ఆ లోటు తీర్చేందుకు పెర్ల్ పూ, ఆమె సహచరులు 2011లో ప్రకటించిన రెస్‌క్యూ నమూనా సూచనల నాణ్యతను, వాటి వెనుక కారణం అర్థమైందా అన్నదాన్ని, నమ్మకాన్ని కూడా అడుగుతుంది. నా దృష్టిలో ఇదీ సగమే. బుకింగ్ చేసినరోజు తృప్తి గది చూడకముందు తృప్తి. పరీక్షలు చేసేవాళ్లకు నా విన్నపం: ప్రయాణం ముగించుకుని ఇంటికి వచ్చాక అదే మనిషికి అవే ప్రశ్నలు మళ్లీ వేయండి, రెండు జవాబులనూ నివేదికలో పక్కపక్కన అచ్చు వేయండి.