తలారి నుండి పురసభ వరకు: గుంటూరు సీమలో ప్రజారక్షణ

గుంటూరు నుండి మంగళగిరికి పోవు రాజమార్గమున, భ్రమరాంబా మల్లేశ్వరుల ఆలయముచేతను, బాజీబాబా దర్గా ఉరుసుచేతను దూరప్రాంతముల వారికి సైతము పరిచితమైన పెదకాకాని, నల్లరేగడి పొలముల నడుమ వెలసిన గ్రామము. ప్రత్తి పగిలి, మిరప పండి, ఊరి సంపద యంతయు నిండ్లలోగాక కల్లములలో ఆరుబయట పరచియుండు మాసములలో కావలి లేనిదే రైతు కంటికి కునుకు రాదు. మిరప రాశి ప్రక్కనే కొడవలి, వంటయింట కత్తిపీట, గొడ్లచావడిలో గొడ్డలి, ఇట్లు ఆయుధముగా మారగల పనిముట్టు లేని కొంప ఈ సీమలో లేదు. పనిముట్లను దాచిపెట్టి ప్రాణములను కాపాడవచ్చునని మన పూర్వులెన్నడును తలంపలేదు. కావలివాడెవడు, వానికి కూలి యిచ్చువారెవరు, వాడు తప్పిననాడు ఎవరి యెదుట నిలువవలెను అనునవే వారి ప్రశ్నలు. నేడు నగరములలో కత్తిపోట్ల వార్తలు తరచై, పురపాలక సంఘములు ఏమి చేయుచున్నవని జనులు అడుగుచున్న వేళ, ఆ ప్రశ్నలకు ఈ సీమ కాలక్రమమున నిచ్చుకొన్న సమాధానములను తిరిగి చూచుట అవసరమని నా నమ్మకము.

ఆంగ్లేయ కంపెనీ పరిపాలన స్థిరపడక పూర్వము గ్రామరక్షణ భారమంతయు తలారిది. 1812లో బ్రిటిష్ పార్లమెంటునకు సమర్పింపబడిన ఐదవ నివేదిక దక్షిణదేశపు గ్రామోద్యోగులను పేర్కొనుచు, నేరముల ఆచూకీ తీయుటయు, ఊరినుండి ఊరికి పోవు బాటసారులను తోడుండి దాటించుటయు తలారి విధులని వ్రాసినది. పంట నూర్పిళ్లనాడు కల్లములో ప్రతి రైతు కొలిచియిచ్చు మేరయే వాని జీతము. కొన్ని యెడల మాన్యపు భూమియు నుండెడిది. దొంగతనము జరిగినచో అడుగుజాడలు పట్టుకొని పోయి పొలిమేర వరకు చూపవలెను; జాడ పొరుగూరిలో ప్రవేశించినచో ఆ యూరి తలారి దానిని అందుకొనవలెను; అందుకొనలేనివాడు పోయిన సొత్తునకు పూచీ పడవలెను. ఈ ఏర్పాటును ఆదర్శమని పొగడుటకు నేను సిద్ధముగా లేను. కావలికాండ్రలో బలిసినవారు రుసుములు ఇయ్యని ఊళ్లను తామే దోపించిన సందర్భములు దక్షిణదేశమున పెక్కు కలవు. మరియు తలారితోపాటు రాత్రింబవళ్లు పరుగులు తీసిన వెట్టివాండ్రకు ఊరు ముట్టజెప్పినది శ్రమకు తగిన ప్రతిఫలము కానేకాదు. అయినను కూలి యిచ్చిన రైతు కల్లము వద్దనే తలారిని నిలదీయగలిగెడివాడు, నష్టపరిహారము కోరగలిగెడివాడు. ఈ యొక్క గుణము తరువాతి కాలములో మరల కానరాదు.

గ్రామమునకు మించిన బెడద వచ్చినప్పుడు జమీందారు కల్పించుకొనెడివాడు. అట్టి సమయమున న్యాయము ఎంత వికృతమగునో అమరావతి ప్రభువు వాసిరెడ్డి వేంకటాద్రి నాయని కథ చెప్పుచున్నది. దోపిళ్లు చేయుచున్నారని చెంచులను విందునకు పిలిపించి, వచ్చినవారిని వరుసగా నరికించెననియు, ఆ పాపభీతితోనే పిదప అమరేశ్వరాలయమును ఉద్ధరించి దానధర్మములు చేసెననియు ఈ సీమయందు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. నేరమెవడు చేసెనను విచారణ లేక జాతి నంతటిని ఒక్కటిగా దండించు ఈ పద్ధతి ఆ ప్రభువుతో అంతమై యుండిన ఎంత బాగుండెడిది! శతాబ్దము గడచిన తరువాత చట్టరూపమున అది తిరిగి వచ్చినది.

1816 మార్చి 12వ తేదీన గుంటూరు పట్టణమునకు వచ్చిన ఆపద మరియొక తీరుది. నర్మదాతీరము నుండి బయలుదేరిన పిండారీ గుఱ్ఱపు దండు, నిజాము రాజ్యమును దాటి, దారిలోని గ్రామములను కొల్లగొట్టుచు ఆనాడు గుంటూరుపై బడినది. పట్టణములో చాల భాగమును, దొరల బంగళాలను దోచుకొన్న ఆ దండు కలెక్టరు కచేరీలోని ఖజానాను మాత్రము తాకలేకపోయినది; గుప్పెడు సిపాయిలును, అంగవికలురైన పింఛనుదారులును దానిని కాచిరి. సర్కారు సొమ్మునకు కావలి కలదు, ప్రజల సొమ్మునకు లేదు: ఈ సత్యము గుంటూరు వీధులలో ఆనాడు ఎంత స్పష్టముగా బయటపడినదో చెప్పనక్కరలేదు. నేరుగా తలపడి నష్టపోవుట పిండారీల పద్ధతి కాదు. బల్లెములతో భయపెట్టి, వేడిబూడిద నింపిన సంచిని ముఖమునకు కట్టి, దాచిన నగలెక్కడో చెప్పించుకొని, తెల్లవారునప్పటికి ఆమడల దూరము పోవుట వారి నేర్పు. మరునాటికే వారు గుంటూరు విడిచిరి. పిదప కంపెనీవారు విచారణసంఘమును నియమించి లెక్కలు తీయగా, కంపెనీ సరిహద్దులలో పండ్రెండు దినముల లోపలనే 339 గ్రామములు దోపిడికి గురియైనట్లును, 182 మంది క్రూరముగా చంపబడినట్లును, 505 మంది తీవ్రముగా గాయపడినట్లును, 3,603 మంది చిత్రహింసల పాలైనట్లును తేలినది. ఐనవోలు గ్రామస్థులు ఎదిరించి నిలిచి, ఇక గెలువలేమని తెలిసిన పిమ్మట ఇండ్లకు నిప్పంటించుకొని భార్యాబిడ్డలతో ఆహుతియైరి. తలారి కఱ్ఱయు కొడవలియు ఏమి చేయగలవు? పొలిమేర దాటని కావలి, పొలిమేరలు లెక్కచేయని దండును ఆపజాలదు.

ఆ సంవత్సరముననే మద్రాసు ప్రభుత్వము 11వ రెగ్యులేషనును చేసినది. సర్ తామస్ మన్రో అధ్యక్షతను పనిచేసిన సంఘము సిఫారసులను అనుసరించి, కంపెనీ పోలీసు అధికారులైన దరోగాల పద్ధతిని తొలగించి, గ్రామపెద్దయైన మునసబునే గ్రామ పోలీసునకు అధిపతిగా నిలిపి, తలారులను అతని చేతిక్రింద నుంచి, కలెక్టరును మెజిస్ట్రేటుగా చేసిరి. పాత గ్రామవ్యవస్థను నిలుపుటలో మన్రో చూపిన వివేకము మెచ్చదగినదే. కాని చట్టములోనే యొక కళంకమున్నది: తిట్లు, చిన్నపాటి కొట్లాటలు చేసినవారిని మునసబు పండ్రెండు గంటలకు మించకుండ నిర్బంధింపవచ్చును; అదే నేరము తక్కువ కులముగా ఎంచబడినవాడు చేసినచో ఆరు గంటల వరకు బొండకొయ్యలో బిగింపవచ్చును. ఒకే కొట్లాటకు ఒకనికి చావడిలో నీడ, మరియొకనికి నడివీధిలో బొండ! కావలిని నమ్మవలసిన ప్రజలలో సగము మంది దానిని చూచి భయపడుటకు ఇంతకన్న కారణము కావలెనా?

పన్ను వసూలు చేయు చేతికే దండించు అధికారమును చేర్చుటవలన కలిగిన ఫలితము త్వరలోనే కనబడినది. 1832-33 సంవత్సరములలో గుంటూరు సీమను పాడుచేసిన డొక్కల కరవునందు ధాన్యపు కొట్లపై దాడులు పెచ్చరిల్లినను, ఆకలిగొన్నవానికిని దొంగకును భేదము చూడగల యంత్రాంగము లేకపోయెను. శిస్తు రాబట్టుటకు రైతులను ఎండలో నిలిపి, వంగబెట్టి, వీపుపై రాళ్లు పెట్టుచున్నారను ఫిర్యాదులు విలాయతు వరకు పోగా, 1855లో చిత్రహింసల విచారణసంఘము ఆ యాచారము సత్యమేయని నివేదించెను. దానినుండి పుట్టినది 1859 నాటి 24వ చట్టము. రెవిన్యూ నుండి పోలీసు వేరైనది. ప్రత్యేకమైన అధికారి, ఉడుపులు, జీతములు, ఠాణాలు గల దళము ఏర్పడినది. ఆ సంవత్సరముననే గుంటూరు జిల్లా రద్దై కృష్ణా జిల్లాలో కలిసిపోయి, 1904లో గాని మరల పుట్టలేదు.

ఇక పురసభ సంగతి. గుంటూరు పురపాలక సంఘము 1866లో ఏర్పడినది. పట్టణములలో కమిషనర్లను నియమించుటకు ఆధారమైన 1865 నాటి 10వ చట్టమును చదువువారికి ఆశ్చర్యము కలిగించు విషయమొకటి కలదు. పట్టణపు పోలీసునకగు వ్యయములో నాలుగింట మూడు పాళ్లను పురపాలక సంఘమే భరింపవలెనని దానిలో విధింపబడినది. ఇంటిపన్ను, వృత్తిపన్ను, బండ్లపై పన్ను, సుంకపు గేట్ల రాబడి, ఇవియన్నియు కలిసి మొదట చెల్లింపవలసినది రక్షకభటుల జీతము. మిగిలినదానితో వీధులు ఊడ్చుట, దీపములు పెట్టుట. అనగా మన పురసభలు చెత్తనెత్తుటకు పుట్టినవని నేడు తలచుట పొరపాటు. వాని బాల్యమున మొదటి ఖర్చు కావలిఖర్చే. అయితే తలారికి మేర కొలిచిన రైతునకున్న హక్కు ఈ పన్ను కట్టిన కోమటికిగాని, సాలెవానికిగాని లేదు. భటుని నియమించుట, బదిలీ చేయుట, తప్పు చేసినచో శిక్షించుట సర్వము జిల్లా పోలీసు అధికారి చేతిలోనివి, కమిషనర్లు నామినేట్ అయినవారు, అధ్యక్షస్థానము ప్రభుత్వాధికారిది. సొమ్ము ఊరిది, మాట దొరది. ఇట్టి ఏర్పాటుపై అసంతృప్తి కలుగుట సహజము. 1871 నాటి 3వ చట్టము పోలీసు వ్యయమును పట్టణముల నెత్తి నుండి దింపి, దానికి బదులుగా చదువు, మశూచి టీకాలు, పారిశుద్ధ్యము మున్నగు భారములను ఎత్తినది. పురపిత లందరును తేలికగా ఊపిరి పీల్చుకొనియుందురు. కాని ఆనాటితో పట్టణరక్షణపై పురసభ నోరు మెదపు అధికారము కూడ తొలగిపోయినదని నేను భావింతును. నాటినుండి దానికి మిగిలిన రక్షణసాధనము కిరసనాయిలు దీపము మాత్రమే.

దీపమును తక్కువ చేయుట నా యభిప్రాయము కాదు. వెలుగున్న సందులో కత్తి దూయుటకు వెనుకాడువాడు చీకటిసందులో వెనుకాడడు. అందుకే పురసభ బడ్జెట్టులో దీపముల పద్దు నిజమునకు రక్షణపద్దు.

ప్రభుత్వము తన చేతిలోనికి తీసికొన్న అధికారమును ఎట్లు వినియోగించినదో చూచుటకు పెదకాకానికి కొద్ది మైళ్లలోనున్న సీతానగరమునకు పోయిన చాలును. ఉప్పు, ధాన్యము గాడిదలపై మోసి ఊరూర అమ్ముకొని బ్రతికిన ఎరుకలవారి జీవనము, ఉప్పుపై సర్కారు గుత్తాధికారము వలనను, రైలుబండ్ల రాకవలనను చెడిపోగా, బ్రతుకుతెరువు కోల్పోయినవారిని ఆదుకొనుటకు మారుగా 1911 నాటి నేరస్థ జాతుల చట్టము పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసెను. సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణలో 1913లో సీతానగరమునను, ఆ తరువాత బాపట్ల చేరువ స్టువర్టుపురమునను సెటిల్మెంట్లు వెలసినవి. రెండవది మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక సభ్యుడైన సర్ హెరాల్డ్ స్టువర్టు పేర వెలసినది. పసివాడు మొదలు ముదుసలి వరకు హాజరు పట్టీలో లెక్కకు నిలువవలెను. సెలవుచీటి లేక పొలిమేర దాటరాదు. వాసిరెడ్డివారి విందుకథలో ఒక దినమున జరిగినది ఇచ్చట తరముల తరబడి సాగినది. 1952లో దేశమంతట ఆ చట్టము రద్దైనను, స్టువర్టుపురమను పేరు వినగానే కనుబొమలు ముడుచువారు నేటికిని గలరు. ఒక్క కత్తిపోటు జరిగిన వెంటనే ఫలానా పేట, ఫలానా కులము, ఫలానా మతము అని వేలు చూపువారు ఈ చరిత్రను తెలిసికొనవలెనని నా ప్రార్థన.

ప్రజలే తమ కావలిని తిరిగి చేపట్టిన కాలమొకటి ఈ జిల్లా చరిత్రలో కలదు. పురపాలక సంఘమును, దానితో వచ్చిన పన్నులను నిరాకరించి చీరాల పేరాల ప్రజలు ఇండ్లు విడిచి రామనగరమున పాకలు వేసికొన్న 1921లో, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి స్వచ్ఛందసేవకుల దళమైన రామదండు ఆ క్రొత్త నివాసమునకు అండగా నిలిచెను. ఆ వసంతముననే బెజవాడ కాంగ్రెసు సభలకు వచ్చిన జనసముద్రమును అదుపులో నుంచినదియు ఆ దండే. ఆ సంవత్సరపు చివర పెదనందిపాడు ఫిర్కాలో పన్నుల నిరాకరణము సాగినపుడు మునసబులు, కరణములు మూకుమ్మడిగా రాజీనామా లిచ్చిరి. గ్రామ పోలీసునకు అధిపతులే తప్పుకొన్న ఆ పల్లెలలో అరాచకము ప్రబలునని అధికారులు ఊహింపగా, పర్వతనేని వీరయ్యచౌదరిగారి శాంతిసేన రాత్రులు గస్తీ తిరిగి, జప్తుకు వచ్చిన సైనికులపై సైతము చేయెత్తకుండ జనమును నిలిపినది. రైతు యింట కొడవళ్లు లేకకాదు. కాచువాడు తమవాడను విశ్వాసముచే అవి కల్లము దాటి రాలేదు.

స్వరాజ్యానంతర చరిత్రను త్వరగా ముగింతును. ఆయుధముల చట్టపు నిబంధనలు తొమ్మిదంగుళములకు మించిన పొడవో, రెండంగుళములకు మించిన వెడల్పో గల అలుగును ఆయుధముగా లెక్కించినను, గృహోపకరణములను, సేద్యపు పనిముట్లను వేరుపరచినవి, అది న్యాయమే. 1984లో మునసబు కరణముల పదవులు రద్దై, 1816 నుండి వచ్చిన వ్యవస్థ అంతరించెను. 1994లో గుంటూరు నగరపాలక సంస్థ యైనది. నూరుగురు గుమిగూడు దుకాణములు, సభాస్థలములు కెమెరాలు పెట్టుకొనవలెనని 2013 నాటి ప్రజాభద్రతా చట్టము ఆజ్ఞాపించెను. కెమెరా నేరమును చూచును. ఆపుటకు దానికి చేతులు లేవు. 2021లో గుంటూరు కాకాని రోడ్డున ఒక యువతి పట్టపగలు కత్తిపోట్లకు బలియైనప్పుడు కెమెరా ఆ దృశ్యమును పట్టినది. అది న్యాయస్థానమునకు సాక్ష్యమైనది గాని ఆ తల్లిదండ్రులకు బిడ్డను మిగుల్చలేదు.

2019 అక్టోబరు నుండి గ్రామ, వార్డు సచివాలయములలో మహిళా పోలీసులు కూర్చుండుచున్నారు. ఊరిలోనే నివసించి, ఊరివారి మంచిచెడ్డలు ఎరిగి, కలహము ముదరకముందే ఠాణాకు తెలుపవలసిన ఈ యుద్యోగిని, తలారి విధిలో నొక భాగమును తిరిగి మోయుచున్నది. ఆమె ఏమి చూచినదో, ఠాణా ఏమి చేసినదో గ్రామసభలోను, వార్డు సభలోను అడుగు హక్కు ప్రజలకుండవలెను. నగరపాలక సంస్థ సమావేశములో దీపముల పద్దు చర్చకు వచ్చిన దినముననే, గడచిన మూడు మాసములలో కత్తిగాయములు జరిగిన వీధుల పట్టికను పోలీసు అధికారి సభ్యుల ముందుంచవలెను. అప్పుడు ఏ సందునకు దీపము కావలెనో, ఏ మలుపున గస్తీ పెరుగవలెనో ఆ వీధివారు ఎన్నుకొన్న సభ్యుడే లేచి చెప్పగలడు.