ఏకేశ్వరవాదం రూపొందిన తీరు: యెరూషలేము నుండి నైలునదీ ద్వీపం వరకు

యూదు మతానికీ, దాని నుండి పుట్టిన క్రైస్తవానికీ ఏకేశ్వరవాదం పునాది అన్నది అందరూ ఎరిగినదే. అయితే ఈ భావన ఒక ప్రవక్తకు ఒకనాడు స్ఫురించి, నాటినుండి మార్పులేకుండా నిలిచిందనడానికి చారిత్రకాధారాలు అంగీకరించవు. ముందుగా రెండు భావాలను వేరుచేసి చూడాలి. ఇతర దేవతలున్నా తాము ఒక్కనినే కొలుస్తామనడం ఏకదేవోపాసన. ఆ ఒక్కడు తప్ప వేరే దేవుడే లేడనడం ఏకేశ్వరవాదం. మొదటిదాని నుండి రెండవదానికి చేరడానికి యూదులకు కొన్ని శతాబ్దాలు పట్టింది.

సుమారు క్రీ.పూ. 840 నాటి మోయాబు రాజు మేషా శాసనం చూడండి. తమ దేవుడు కెమోషు తన దేశంపై కోపించినందువల్లనే మోయాబు ఇశ్రాయేలుకు లొంగిపోయిందని అందులో ఉంది. ఇశ్రాయేలీయుల గ్రంథాలు తమ ఓటములకు చెప్పే కారణం కూడా ఇటువంటిదే. దేశానికొక దేవుడు అన్నది ఆనాటి సామాన్య విశ్వాసం. ద్వితీయోపదేశకాండము 32వ అధ్యాయంలో దీని జాడ కనిపిస్తుంది. జాతులకు సరిహద్దులు ఏర్పరచిన సందర్భంలో, సంప్రదాయ హీబ్రూ పాఠంలో ‘ఇశ్రాయేలు పుత్రులు’ అని ఉన్నచోట మృతసముద్ర ప్రాంతపు గుహలలో దొరికిన ప్రతిలో ‘దేవుని పుత్రులు’ అని ఉంది. రెండవదే ప్రాచీన పాఠమని పలువురు పండితుల అభిప్రాయం. మన తెలుగు బైబిలు మొదటి పాఠాన్నే అనుసరించింది.

సినాయి ఎడారిలోని కుంతిల్లెత్ అజ్రూద్ వద్ద 1975–76లో జరిగిన తవ్వకాలలో పెద్ద కుండలపై వ్రాతలు బయటపడ్డాయి. ఇవి సుమారు క్రీ.పూ. 800 నాటివి. వాటిలో షోమ్రోను యహ్వే పేరిట, ఆయన ‘అషేరా’ పేరిట ఆశీర్వచనాలున్నాయి. యహ్వే అంటే తెలుగు బైబిలులోని యెహోవాయే. అషేరా అన్నది దేవతా, పూజాస్తంభమా అన్న చర్చ తెగలేదు. ఏమైనా, తరువాతి ధర్మశాస్త్రం నిషేధించిన ఆరాధన ఒకప్పుడు యహ్వే పేరుతోనే కలిసి సాగిందన్నది స్పష్టం.

క్రీ.పూ. 622 ప్రాంతంలో యూదా రాజు యోషీయా ఉన్నతస్థలాలను పడగొట్టించి, ఆరాధనను యెరూషలేము ఆలయానికే పరిమితం చేశాడని బైబిలు చెబుతున్నది. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సేనలు ఆ ఆలయాన్నే కూల్చి, ప్రజలలో ఒక భాగాన్ని చెరపట్టుకుపోయాయి. దేశానికొక దేవుడన్న లెక్కలో ఇది యెహోవా ఓటమి. కాని ప్రవాసంలోని ఆలోచనాపరులు దీనికి వేరే అర్థం చెప్పారు. బబులోనును తన ప్రజలపైకి పంపినవాడు యెహోవాయే అన్నారు. అలాగైతే ఆయన అధికారం అన్ని దేశాలపైనా ఉన్నట్లే. యెషయా గ్రంథం 40వ అధ్యాయం నుండి వినిపించే కంఠం మరొక అడుగు ముందుకు వేసి, తక్కిన దేవుళ్లు అసలు లేరని ప్రకటించింది. పారసీక చక్రవర్తి కోరెషును సైతం యెహోవా అభిషిక్తునిగా వర్ణించింది. రాజ్యం, ఆలయం పోయిన చోటనే విశ్వేశ్వరుడన్న భావన గట్టిపడడం గమనార్హం.

అయితే ప్రవాసులందరూ ఒకే దారిన నడవలేదు. ఈజిప్టు దక్షిణపు సరిహద్దులో, నేటి అస్వాన్ వద్ద నైలునదిలోని ఎలిఫెంటైన్ ద్వీపంలో తరతరాలుగా స్థిరపడిన యూదు సైనిక కుటుంబాలుండేవి. వారి పాపిరస్ పత్రాలు అరమాయిక్ భాషలో ఉన్నాయి. ‘యాహు’కు అక్కడొక ఆలయం ఉండేది. యెరూషలేము వెలుపల బలులు కూడదన్న నియమం వారిని కట్టివేసినట్లు లేదు. క్రీ.పూ. 419 నాటి లేఖ ఒకటి వారికి పులియని రొట్టెల పండుగ ఆచరణను గురించి సూచనలిస్తున్నది. క్రీ.పూ. 400 నాటిదని ఎక్కువమంది భావించే చందా జాబితాలో మనిషికి రెండు షెకెళ్ల చొప్పున వసూలైన వెండిని పంచిన లెక్క ఉంది. యాహుకు 12 కర్షలు 6 షెకెళ్లు, అనత్-బేతేలుకు 12 కర్షలు, ఎషెమ్-బేతేలుకు 7 కర్షలు. ఈ ఇద్దరూ వేరే దేవతలా, పొరుగున ఉన్న అరమాయుల దేవతలా అన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. కాని ఆ యూదులు తాము యూదులం కామని ఎన్నడూ అనుకోలేదు.

క్రీ.పూ. 410లో ఖ్నూము దేవుని పూజారులు స్థానిక పారసీక అధికారిని ప్రోత్సహించి యాహు ఆలయాన్ని కూలగొట్టించారు. బాధితులు యెరూషలేము ప్రధాన యాజకునికి వ్రాశారు. జవాబు రాలేదు. క్రీ.పూ. 407లో యూదా పాలకుడు బగోహికి మళ్లీ వ్రాశారు. పూర్వస్థలంలోనే ఆలయం కట్టుకొని నైవేద్యం, ధూపం అర్పించవచ్చునన్న అనుమతి లభించింది. దహనబలుల ప్రస్తావన మాత్రం అందులో లేదు. కేంద్రంలో స్థిరపడుతున్న కొత్త ప్రమాణం దూరాన ఉన్నవారి పాత ఆచారాన్ని ఎలా కుదించిందో ఈ ఒక్క లోపమే సూచిస్తున్నది.

క్రైస్తవానికి అందినది ఆ స్థిరపడిన ప్రమాణమే. తొలి క్రైస్తవులు దేవుడొక్కడేనని నిత్యం పలికే యూదులు. అయినా క్రీ.శ. 50ల నాటి పౌలు లేఖలలోనే తండ్రియైన ఏకదేవుని ప్రక్కన ప్రభువుగా యేసు కనిపిస్తాడు. ఆయన సృష్టింపబడినవాడన్న అలెగ్జాండ్రియా యాజకుడు అరియసు వాదాన్ని 325లో నికేయా సభ నిరాకరించి, కుమారుడు తండ్రితో ఏకతత్త్వం గలవాడని నిర్ణయించింది. 381లో కాన్‌స్టాంటినోపులు సభ పరిశుద్ధాత్మను గురించిన విశ్వాసాన్ని విస్తరించింది. తెలుగు క్రైస్తవులు వాడే ‘త్రియేక దేవుడు’ అన్న సమాసం వెనుక ఇంత వాదం ఉంది.

కనుక ‘ఒక్కడే’ అన్న మాటకు ఓటమి, ప్రవాసం, అధికారం, వాదోపవాదం కలిసి అర్థం కల్పించాయి. గెలిచిన సంప్రదాయం తన గతాన్ని తొలినుండీ ఏకరూపంగానే చూపుతుంది. ఎలిఫెంటైన్ చందా జాబితా వంటివి దొరకకపోతే మనమూ అలాగే నమ్మేవాళ్లం. స్వస్థలానికి దూరంగా తరాలు గడిపిన సమాజాలను అధ్యయనం చేసే విద్యార్థులు ఈ విషయాన్ని మరువరాదు. కేంద్రం భ్రష్టమన్న ఆచారం ఒక్కొక్కసారి కేంద్రం తానే విడిచిన పాత ఆచారం కావచ్చు.