బడి కప్పులో రాతినార

అమెరికాలో ఉంటున్న మా చెల్లెలు ఆ మధ్య కంగారుగా ఫోను చేసింది. "అక్కా, పిల్లల బడి నుంచి కాగితం వచ్చింది. భవనంలో ఆస్బెస్టాస్ ఎక్కడెక్కడ ఉందో రాసిన పుస్తకం ఆఫీసులో ఉందిట, కావలిస్తే వచ్చి చూసుకోమన్నారు. పిల్లల్ని మాన్పించెయ్యనా?"

"మాన్పించకే, ముందు వెళ్ళి ఆ పుస్తకం చూడు" అన్నాను. ఎందుకంటే ఆ కాగితం వెనక పెద్ద కథే ఉంది.

ఆస్బెస్టాస్‌ని మనవాళ్ళు రాతినార అన్నారు. ఎంత చక్కని మాట! చూడబోతే రాయి, తీయబోతే నార. నిప్పుకి కాలదు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత అమెరికాలో పిల్లల సంఖ్య పెరిగి, ఊరూరా బళ్ళు కట్టారు. 1958లో షికాగోలో ఒక బడి తగలబడి 92 మంది పిల్లలూ, చదువు చెప్పే ముగ్గురు సిస్టర్లూ పోయారు. నిప్పంటే అంత భయమున్న రోజులవి. పైకప్పులకి రాతినార పిచికారీ చేశారు, ఆవిరి గొట్టాలకి చుట్టారు. పాపం, పిల్లల క్షేమం కోరే చేశారు!

తీరా చూస్తే ఆ నార పొడై, ఊపిరితో లోపలికి పోతే, ఏ ఇరవై ముప్ఫై ఏళ్ళకో కాన్సరై బయటపడవచ్చునని తేలింది. 1973లో అలా పిచికారీ చెయ్యడాన్ని నిషేధించారు. మరి అప్పటికే నెత్తిమీద ఉన్నదాని మాటేమిటి? దాన్ని బాగుచేయించే డబ్బెవరిది?

1980లో బళ్ళకి సాయం చెయ్యాలని ఒక చట్టం చేశారు. కాని ఆ దేశంలో ఇమ్మని చెప్పే చట్టం వేరు, ఏటా డబ్బు విడుదల చేసే చట్టం వేరు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. ఆ సాయం కింద పైసా రాలలేదు! 1982లో, బళ్ళు తనిఖీ చేసి, ఉంటే తల్లిదండ్రులకి చెప్పమన్నారు. బాగుచెయ్యమని మాత్రం అనలేదు. ఇంట్లో పాముందని చెప్పి, తలుపు చేరవేసుకు వెళ్ళినట్టన్న మాట.

1984 చట్టంతో గాని చేతికి డబ్బందలేదు. ప్రమాదం ఎక్కువగా ఉండి, చేతిలో కాసుల్లేని బళ్ళకి గ్రాంట్లు, ఇరవై ఏళ్ళలో తీర్చుకోగల వడ్డీలేని అప్పులు ఇచ్చారు. అయినా అడిగినవాళ్ళందరికీ సరిపోలేదు.

1986లో వచ్చిన చట్టం ఇంకొంచెం తెలివైనది. అంతా పీకి పారెయ్యమనలేదు. చేతకాని చేత్తో పీకితేనే నార గాలిలో లేస్తుంది. చూరుకి పట్టిన తేనెపట్టుని కర్రతో పొడవకుండా కనిపెట్టి ఉండమని పెద్దవాళ్ళు చెప్పరూ? అలాగే ఎక్కడుందో రాసిపెట్టు, ఆరునెలలకోసారి చూడు, మూడేళ్ళకోసారి తెలిసినవాళ్ళచేత పరీక్ష చేయించు, ఆ పుస్తకం తల్లిదండ్రులు అడిగితే చూపించు, అంది చట్టం.

పుస్తకంలో రాసినంత మాత్రాన నిజమైపోదు మరి. 1993లో న్యూయార్క్ బళ్ళలో పాత తనిఖీలు తప్పులతడకలని బయటపడింది. మళ్ళీ చూసేదాకా బళ్ళు తెరవడం పదకొండు రోజులు ఆలస్యమైంది. సుమారు పదిలక్షలమంది పిల్లలు ఇంట్లో! ఉద్యోగాలకి వెళ్ళే తల్లుల అవస్థ మనం ఊహించుకోగలం. 1984 చట్టం కింద ఇచ్చే డబ్బు కూడా ఆ ఏడాదితోనే ఆగిపోయింది.

డబ్బు ఆగినా, తల్లికి పుస్తకం తెరిచి చూసే హక్కు మిగిలింది. మా చెల్లెలు వెళ్ళి చూసిందిట. రాతినార ఉన్నది బాయిలర్ గదిలో గొట్టాలకి. చివరి పరీక్ష జరిగి మూడేళ్ళు దాటింది. "మళ్ళీ ఎప్పుడు?" అని అడిగింది. నెల తిరక్కుండా మనుషులొచ్చారుట.

మన ఊళ్ళలో ఎన్ని బళ్ళకి సిమెంటు రేకుల కప్పులు లేవు? వాటిలో చాలావాటిలో కలిసింది ఈ రాతినారే. పాత రేకులు పగలగొట్టి మార్చే రోజున పిల్లల్ని ఆ దుమ్ముకి దూరంగా ఉంచమని హెడ్మాస్టరుగారితో చెప్పడానికి మనకి ఏ చట్టమూ అక్కర్లేదు కదా!